ఎత్తిన చేయి కదలకూడదు

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరంలో సాయంత్రం పూట పెళ్లికి ముందు వీడియోలు తీసే బృందాలు కనిపిస్తుంటాయి. జంట అలల అంచున నడుస్తుంది, పైన డ్రోన్ తిరుగుతుంది, బంధువులు ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. షాట్ అయిపోగానే అందరి కళ్లూ జంట మీదకు వెళ్తాయి. అప్పుడే ఒక పక్కన కుర్రాడొకడు కుడిచేయి పైకెత్తి నిలబడతాడు. డ్రోన్ నెమ్మదిగా వచ్చి అతని తల పైన ఆగుతుంది. చేయి దాని పొట్టను అందుకుంటుంది. రెండు మూడు క్షణాల తర్వాత రెక్కలు ఆగిపోతాయి. ఆ షూటింగు మొత్తంలో నాకు చూడాలనిపించేది ఆ కాసేపే.

డ్రోన్‌ను చేత్తో పట్టుకుని దించడాన్ని చాలామంది సాహసం అనుకుంటారు, కొందరు మొండితనం అంటారు. రెండు మాటలకూ ఆధారముంది. కానీ బాగా పట్టేవాడిని దగ్గరగా చూస్తే అతను చేస్తున్నది సాహసం కాదని తెలుస్తుంది. ప్రమాదానికి తావిచ్చే నిర్ణయాలన్నీ చేయి లేవకముందే ముగించేస్తాడు. ఎక్కడ నిలబడాలి, గాలికి ఎటు తిరగాలి, డ్రోన్ ముఖం ఎటు ఉండాలి, బ్యాటరీ ఎంత మిగలాలి, పక్కన ఎవరుండకూడదు అన్నవన్నీ అప్పటికే తేలిపోయి ఉంటాయి. చేయి లేచాక అతను కొత్తగా ఆలోచించేది దాదాపు ఏమీ ఉండదు.

అసలు నేల ఉండగా చేయెందుకు? సముద్రం ఒడ్డున దీనికి జవాబు ఇసుకలోనే ఉంది. డ్రోన్ కిందకు దిగుతుంటే రెక్కల గాలి నేలను తాకి చుట్టూ చిమ్ముతుంది. పొడి ఇసుక మీద మీటరు ఎత్తుకు రాగానే రేణువుల మేఘం లేస్తుంది. ఆ రేణువులు కెమెరాను నిలకడగా పట్టి ఉంచే గింబల్ కీళ్లలోకి దూరతాయి, మోటార్లలోకీ దూరతాయి. మన తీరంలో ఇది మరీ ఇబ్బంది. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం తీరం పొడవునా ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిలిమనైట్, జిర్కాన్ లాంటి బరువు ఖనిజాలున్నాయి. అల వెనక్కి తగ్గినప్పుడు తడి ఒడ్డున నల్లటి చారలు చారలుగా కనిపించేవి అవే. డ్రోన్ మోటారు లోపల బలమైన శాశ్వత అయస్కాంతాలుంటాయి, గిన్నెలా ఉండే దాని కింది భాగం తెరిచే ఉంటుంది. ఇల్మెనైట్ లాంటి రేణువులు అయస్కాంతానికి ఆకర్షితమవుతాయి, కాబట్టి లోపలికి వెళ్లినవి ఊదితే రావు. గరగరమని శబ్దం మొదలవుతుంది. తర్వాత మోటారు వేడెక్కుతుంది. పైనున్నప్పుడు ఆగితే డ్రోన్ పోయినట్టే.

కాబట్టి ఇసుక మీద చేయే మంచి నేల. కోత అయిన వరిమడిలో మోళ్లు, ఉద్దానం కొబ్బరితోటల్లో గడ్డి, ఆకులు, తాటిపూడి జలాశయం గట్టున వాలు రాళ్లు ఉన్నచోటా ఇదే లెక్క. గింబల్ పొట్ట కింద వేలాడుతూ ఉంటుంది. నేల చదునుగా లేకపోతే మొదట తగిలేది అదే. ఇక్కడో మాట చెప్పుకోవాలి. కల్యాణమండపం ముందు చక్కటి సిమెంటు నేల ఉండగా కూడా చేత్తోనే పట్టేవాళ్లున్నారు. అది ప్రదర్శన. మడతపెట్టి సంచిలో పెట్టుకునే ల్యాండింగ్ మ్యాట్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. పని తెలిసినవాడి సంచిలో అది తప్పకుండా ఉంటుంది, నేల బాగుంటే అదే తీసి పరుస్తాడు.

చేయి ఎదురుగా వెళ్తున్నది దేనికో తెలియాలి. ప్రొపెల్లర్లను మనవాళ్లు రెక్కలనో ఫ్యాన్లనో అంటారు. ఆ మాట వింటే ఇంట్లో తిరిగే ఫ్యాను గుర్తొచ్చి ప్రమాదం తక్కువే అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. పావుకిలో లోపు బరువుండే చిన్న డ్రోన్ రెక్క వ్యాసం సుమారు 12 సెంటీమీటర్లు. అది నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతుందనుకుంటే దాని కొన గంటకు 220 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్నట్టు. పాత ఫాంటమ్ తరహా డ్రోన్‌కు రెక్క దాదాపు 24 సెంటీమీటర్లు. నిమిషానికి 6,000 చుట్లు వేసుకున్నా కొన వేగం 270 దగ్గరకు చేరుతుంది. చిన్నదాని ప్లాస్టిక్ రెక్క మెత్తనిది, పలచనిది. వేలికి తగిలితే చర్మం చీలుస్తుంది, గోరు కింద నల్లగా కమిలిపోతుంది. కార్బన్ ఫైబర్ రెక్క అలా కాదు, లోతుగా కోస్తుంది. రెక్కకు ఏదైనా అడ్డుపడితే మోటారుకు విద్యుత్తు ఆపే ఏర్పాటు చాలా డ్రోన్లలో ఉంది. కానీ అడ్డం పడిందని దానికి తెలిసేది మొదటి దెబ్బ తగిలాకే.

దీనికి లోకమంతా చూసిన ఉదాహరణ ఉంది. స్పెయిన్ గాయకుడు ఎన్రికే ఇగ్లేసియస్ తన కచేరీల్లో వేదిక మీద తిరిగే కెమెరా డ్రోన్‌ను చేత్తో పట్టుకుని జనం వైపు తిప్పి చూపించేవాడు. అది అతనికి అలవాటైన పనే. 2015 మే 30న మెక్సికోలోని టిహువానాలో అలాగే పట్టబోయి వేళ్లు కోసుకున్నాడు. కట్టు కట్టుకుని పాట కొనసాగించాడు, తర్వాత శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. చూడాల్సింది అతని దురదృష్టాన్ని కాదు, చేయి వెళ్లిన తీరును. అక్కడ కదులుతున్న డ్రోన్ వైపు చేయి వెళ్లింది. మన కుర్రాడి చేయి ముందే ఒకచోట నిలబడి ఉంది, డ్రోనే దాని దగ్గరకు వచ్చింది. రెంటికీ చూపులో పెద్ద తేడా కనబడదు, ఫలితంలో మాత్రం వేళ్లంత తేడా.

పనితనంలో అన్నిటికంటే సూక్ష్మమైన భాగం ఇక్కడే మొదలవుతుంది. గాలిలో ఆగి ఉన్న డ్రోన్ నిజానికి ఆగి లేదు. ఉపగ్రహాల ద్వారా తన స్థానాన్ని, పొట్ట కింది కెమెరాల ద్వారా నేలను, లోపలి గైరోల ద్వారా తన వాలును క్షణక్షణం కొలుచుకుంటూ, గాలి ఎంత తోస్తే అంత ఎదురు తోస్తూ ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఒక చేయి పట్టుకుంది. పట్టుకున్నది చేయి అని దానికి తెలియదు. ఏదో శక్తి తనను చోటు నుంచి కదుపుతోందనే తెలుసు. అది దాని లెక్కలో గాలివాటమే. పక్కకు లాగితే ఒరిగి, అటువైపు మోటార్ల వేగం పెంచి వెనక్కి గుంజుతుంది. కిందకు లాగితే పడిపోతున్నాననుకుని నాలుగు మోటార్లనూ గట్టిగా తిప్పుతుంది. కొత్తవాడి చేయి కోసుకునేది ఎక్కువగా ఇలాగే. పట్టుకోగానే భయంతో ఛాతీ దగ్గరకు లాక్కుంటాడు. ఎంత లాగితే అంత గింజుకుంటుంది. ఇంకా గట్టిగా లాగుతాడు. చివరికి డ్రోన్ ఒరిగి, రెక్క మణికట్టు మీదకొస్తుంది.

తెలిసినవాడు పట్టుకున్నాక ఏమీ చేయడు. చేయి ఎక్కడుందో అక్కడే, ఎంత చదునుగా ఉందో అంతే చదునుగా ఉంచుతాడు. పని చేసేది రెండో చేతి బొటనవేలు. మన దగ్గర వాడే రిమోట్లలో సాధారణంగా ఎత్తును నియంత్రించే స్టిక్ ఎడమ వైపుంటుంది. అది కుడిచేతి వాటంవాళ్లకు కలిసొచ్చిన ఏర్పాటు. రిమోట్ మెడ పట్టీకి వేలాడుతుంది, లేదా ఎడమ అరచేతిలో కుదురుగా ఉంటుంది. కుడిచేయి పట్టు బిగించగానే ఎడమ బొటనవేలు స్టిక్‌ను పూర్తిగా కిందకు లాగి అక్కడే ఉంచుతుంది. దిగమని ఆజ్ఞ ఉన్నా తాను దిగడం లేదని డ్రోన్ గమనిస్తుంది. అంటే నేలకు చేరానన్నమాట అని దానికదే తేల్చుకుని మోటార్లు ఆపేస్తుంది. అరచేయి నేలే అని దాన్ని నమ్మించడం అంటే ఇదే. నమ్మకం కుదరడానికి మోడల్‌ను బట్టి ఒకటి నుంచి మూడు సెకన్లు పడుతుంది.

ఆ రెండు మూడు సెకన్లలోనే మనిషి తేలిపోతాడు. స్టిక్ కిందకు లాగగానే మోటార్ల స్వరం తగ్గుతుంది. అయిపోయిందనుకుని బొటనవేలు వదిలేస్తే ఆజ్ఞ రద్దవుతుంది. మోటార్లు మళ్లీ వేగమందుకుని పైకి లేవాలని చూస్తాయి. అందుకే అనుభవమున్నవాడు స్వరం తగ్గడాన్ని లెక్కలోకి తీసుకోడు, రెక్కలు కంటికి విడివిడిగా కనబడి పూర్తిగా నిలిచేదాకా వేలు తీయడు. ఇంకో చిక్కుంది. అదే ఎడమ స్టిక్‌ను పక్కకు తోస్తే డ్రోన్ తన చుట్టూ తాను తిరుగుతుంది. కిందకు లాగుతున్న వేలు కొంచెం పక్కకు జారితే చేతిలోని డ్రోన్ మెలితిరగబోతుంది. నిట్టనిలువుగా కిందకు లాగడం వినడానికి చిన్న విషయమే. చెమట పట్టిన వేలితో, తలెత్తి పైకి చూస్తూ, రిమోట్ వైపు చూడకుండా అలా చేయడం అభ్యాసం లేనిదే రాదు. మంచి అలవాటున్నవాళ్లు రెక్కలు తీసేసిన డ్రోన్‌ను చేత్తో పట్టుకుని, ఆ వేలి కదలికను ఇంట్లోనే సాధన చేస్తారు.

డ్రోన్‌ను తలకిందులు చేస్తే మోటార్లు ఆగిపోతాయని చెప్పేవాళ్లు మనకు చాలామంది తగులుతారు. కొన్ని మోడళ్లలో అది నిజం, బాగా ఒరిగితే ఆగేలా చేసే రక్షణ ఉంది. అయినా ఆ పద్ధతి నాకు నచ్చదు. అప్పటిదాకా చేతికి పైన ఉన్న రెక్కలు తిప్పే క్షణంలో చేతి పక్కకు, ముఖం వైపుకు వస్తాయి. రెండు మోటార్లు ఆగి రెండు ఆగకపోతే చేయగలిగింది ఏమీ ఉండదు.

పట్టులోనూ నేర్పుంది. సంక్రాంతి పుంజును ఎత్తుకునేవాడు రెక్కల జోలికి పోకుండా కింద నుంచి చేయి పోనిచ్చి పొట్టను అరచేతిలోకి తీసుకుంటాడు, డ్రోన్ పట్టూ అలాంటిదే. బొటనవేలు ఒక పక్క, మిగిలిన వేళ్లు రెండో పక్క, ఇరుకైన శరీరాన్ని కింద నుంచి బిగించాలి. వేళ్ల కొనలు పైకి చాచి ఉండకూడదు. వెనక భుజాల రెక్కలు చాలా మడత డ్రోన్లలో ముందువాటి కంటే కిందగా ఉంటాయి, కాబట్టి చూపుడువేలు ఒక్క అంగుళం ఎక్కువ చాపినా సరిహద్దు దాటినట్టే. అరచేయిని పొట్ట మధ్యలోని సెన్సార్ల కింద తిన్నగా పెట్టినా ఇబ్బందే. నేల ఒక్కసారిగా దగ్గరైందని కొన్ని డ్రోన్లు పైకి జరుగుతాయి. చేయి పైకి పోతే అది ఇంకా పైకి పోతుంది, ఆ వెంటపడటం చూసేవాళ్లకు నవ్వు, పట్టేవాడికి ముప్పు. అందుకే కొందరు సెట్టింగుల్లోకి వెళ్లి ల్యాండింగ్ రక్షణను ముందే ఆపుతారు. ఇంకొందరు సెన్సార్లను కప్పకుండా పక్కల నుంచి వేళ్లతో అందుకుంటారు. నా ఓటు రెండోవాళ్లకు. ఆపిన రక్షణను మళ్లీ పెట్టడం ఎవరికైనా మరుపే.

ఈ పట్టు ఇంత ఇరుకు కావడం వెనక చిన్న చరిత్ర ఉంది. 2013లో డీజేఐ కంపెనీ ఫాంటమ్‌ను తెచ్చినప్పుడు దానికి పొడుగు కాళ్లుండేవి. బరువు ఎక్కువ, రెక్కలు పెద్దవి. కానీ కాలు పట్టుకుంటే చేతికీ రెక్కకూ మధ్య చాలినంత ఎడం మిగిలేది. పెళ్లిళ్లకు డ్రోన్ కెమెరా వచ్చిన తొలి రోజుల్లో చేత్తో పట్టడం నేర్చినవాళ్లు ఆ కాళ్లతోనే నేర్చారు. 2016లో మావిక్ ప్రో వచ్చింది. భుజాలు మడతపడతాయి, సంచి జేబులో పడుతుంది, కాళ్లు మాత్రం పోయాయి. 2019లో 249 గ్రాముల మావిక్ మినీతో శరీరం ఇంకా చిన్నదైంది. మోసుకెళ్లేవాడికి కలిసొచ్చిన చోటంతా పట్టేవాడి వేళ్ల దగ్గర తగ్గింది. బరువు తగ్గితే ప్రమాదం తగ్గుతుందన్నది చాలావరకు నిజమే గానీ పట్టు విషయంలో పెద్దదే సుళువుగా ఉండేది.

డ్రోన్ ముఖం ఎటు ఉండాలన్నదానికి జవాబు ఒకటే. కెమెరా అవతలికి, తోక పట్టేవాడి వైపుకు. అప్పుడు స్టిక్‌ను కుడికి తోస్తే అది మన కుడికే పోతుంది. ఎదురుగా తిరిగి ఉంటే కుడిఎడమలు తారుమారవుతాయి. మొహానికి బారెడు దూరంలో ఉన్నదాన్ని తప్పు దిక్కుకు తోయడానికి ఒక్క తడబాటు చాలు. పైగా గింబల్ ముందుంటుంది కాబట్టి వెనక నుంచి పట్టితే వేళ్లకు అడ్డం రాదు. కొత్త డ్రోన్లకు వెనక కూడా అడ్డంకులను గుర్తించే కళ్లున్నాయి. మనిషిని చూసి దగ్గరకు రానని మొరాయిస్తాయి. అప్పుడు ఆ హెచ్చరికను ఆపక తప్పదు. దీన్ని మాత్రం పని తెలిసినవాళ్లు మనసు చంపుకుని చేస్తారు, చేయాలి కూడా అలాగే. తనను తాను కాపాడుకునే తెలివిని డ్రోన్ నుంచి తీసేసినప్పుడు ఆ బాధ్యత పట్టేవాడి మీద పడుతుంది.

ఎత్తు విషయంలో రాజీ లేదు. డ్రోన్ కళ్లకంటే పైన ఉండాలి, చాచిన చేయంత దూరంలో ఉండాలి. ముఖం ఎత్తులో పట్టడం వీడియోల్లో అందంగా కనిపిస్తుంది. కానీ వేలు తెగితే కుట్టొచ్చు, కన్నును కుట్టలేం. పట్టేటప్పుడు నల్లద్దాలో, మామూలు కళ్లజోడో పెట్టుకునేవాళ్ల మీద నాకు గౌరవం అందుకే. పొడవు చేతుల చొక్కా మడిచి ఉండాలి. కండువా, మెడలో కెమెరా తాడు, పూలదండ, వదులు గాజులు ఏవీ రెక్కల గాలిలోకి వెళ్లకూడదు. వదులు గ్లవ్ వేసుకోవడం కంటే ఉత్త చేయే నయం. వేళ్లకు అంటుకుని ఉండే, కోతను తట్టుకునే గ్లవ్ దొరికితే అదే మేలు.

ఇప్పుడు గాలి సంగతి. ఇది మన తీరానికి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది. పట్టేవాడు గాలికి వీపు పెట్టి నిలబడాలి, డ్రోన్ అతనికి ఎదురుగా, గాలి పోయే వైపున ఉండాలి. ఉన్నట్టుండి విసురు వస్తే డ్రోన్ అతని నుంచి దూరంగా పోతుందే తప్ప మీదకు రాదు. మధ్యాహ్నం దాటాక మన తీరంలో గాలి సాధారణంగా సముద్రం నుంచి నేల వైపు వీస్తుంది. అప్పుడు వీపు సముద్రానికి, డ్రోన్ ఊరి వైపుకు. చేజారినా ఇసుకలోనే పడుతుంది. తెల్లవారుజామున లెక్క తిరగబడుతుంది. గాలి నేల నుంచి సముద్రానికి పోతుంది. అదే నియమం పాటిస్తే డ్రోన్ నీళ్ల వైపు ఉండాలి, చేజారితే పోయినట్టే. సూర్యోదయం షాట్లకు బారువకో, పూసపాటిరేగ మండలంలోని చింతపల్లికో వెళ్లే అనుభవజ్ఞులు అందుకే నీటి అంచున పట్టరు. యాభై అరవై అడుగులు వెనక్కి, పొడి ఇసుక మధ్యలోకి వచ్చి పడతారు. అలాగని సరుగుడు తోట దాకా వెనక్కి పోరు. చెట్ల వరస దాటి వచ్చే గాలి సుళ్లు తిరుగుతుంది, అందులో ఏ డ్రోనూ కుదురుగా ఉండదు. ఆ తోటకూ నీటికీ మధ్య తనకు కావలసిన చోటును వెతుక్కుని, మడమతో ఇసుకను నొక్కి నిలబడేవాణ్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

బ్యాటరీ విషయం త్వరగా చెప్పేస్తాను. మూడో వంతు ఉండగానే వెనక్కి రావాలి. చివరి పది శాతంలోకి జారితే చాలా డ్రోన్లు ఎవరి మాటా వినకుండా తమంతట తాము దిగిపోతాయి. పట్టు కుదరకపోతే వదిలి, పైకి పంపి, మళ్లీ మొదలుపెట్టే వీలుండాలి. పట్టకుండా వదిలేయడం కూడా పట్టులో భాగమే. గాలి విసిరింది, ఎవరో పిల్లాడు పరిగెత్తుకొచ్చాడు, మనసుకు బాగోలేదు, ఏ కారణమైనా సరే, చేయి దించి డ్రోన్‌ను నాలుగు మీటర్లు పైకి పంపేవాడే నా లెక్కలో ఆరితేరినవాడు.

పడవ మీద వేరే కథ. శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 193 కిలోమీటర్లు. అందులో ఎక్కువ ఊళ్లలో ఫైబర్ పడవలను ఇసుక మీదకే లాగి పెడతారు. ఆ పడవల్లో చదునైన చోటంటూ ఉండదు, వల, తాళ్లు, ఇంజను, మనుషులు. డ్రోన్ ఎగరేస్తే దింపడానికి చేయి తప్ప దారి లేదు. పైగా డ్రోన్‌కు ఇల్లు ఎక్కడుందో తప్పుగా తెలుసు. ఎగిరిన చోటును అది ఇల్లుగా గుర్తుపెట్టుకుంటుంది, పడవ ఈలోగా జరిగిపోతుంది. ఇంటికి రమ్మనే బటన్ నొక్కితే ఉత్త నీళ్ల మీదకు వెళ్లి దిగబోతుంది. పొట్ట కింది కెమెరాలకు అలలే నేలలా కనిపించి స్థానం తప్పుతుంది. డ్రోన్ నిలకడగా ఉన్నా పడవ ఊగుతుంది, కాబట్టి చేతికీ డ్రోన్‌కూ మధ్య దూరం క్షణానికోలా మారుతుంది.

అందుకే పడవ మీద ఇద్దరు కావాలి. ఒకరు నడుపుతారు, ఒకరు పడతారు. ఇంజను ఆపేస్తారు లేదా గేరు తీసేస్తారు. పెత్తనం నడిపేవాడిది కాదు, పట్టేవాడిది. మాటలు ముందే అనుకుంటారు, అవీ చాలా కొద్ది. "అన్నా, ఇంకాస్త దించు," "ఆగు," "పట్టాను." ఆ మూడోమాట వినపడేదాకా నడిపేవాడు స్టిక్ పూర్తిగా కిందకు లాగడు. "వదిలేయ్" అంటే ఎందుకని అడగకుండా పైకి పంపేయాలి. మధ్యలో పడవ పెద్దాయన "బేగి దించీ బాబూ, గాలొస్తంది" అని తొందరపెట్టొచ్చు. అతని తొందర నిజమైనదే. అయినా పట్టేవాడికీ నడిపేవాడికీ ఆ కాసేపు ఈ నాలుగు మాటలే భాష.

ఈ పద్ధతిని పద్ధతిగా తీర్చిదిద్దినవాళ్లలో సముద్ర శాస్త్రవేత్తలున్నారు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు చెందిన జాన్ డర్బన్, హాలీ ఫెర్న్‌బాక్ మరికొందరితో కలిసి 2014లో కెనడాలోని వాంకూవర్ దీవి దగ్గర ఓర్కా తిమింగలాలను ఆరు రెక్కల డ్రోన్‌తో పై నుంచి ఫొటోలు తీశారు. ఏది బక్కచిక్కింది, ఏది చూలుతో ఉందని ఆ ఫొటోల్లో శరీరం కొలతలను బట్టి తెలుసుకోవడం వాళ్ల పని. చిన్న పడవ మీద నుంచి ఆ డ్రోన్‌ను చేత్తోనే ఎగరేసి చేత్తోనే పట్టేవారు. లక్షల విలువైన పరికరం, చల్లటి సముద్రం, ఊగే పడవ. అక్కడ చేయి వాడటం నిర్లక్ష్యం కాదు, ఉన్నవాటిలో సురక్షితమైన దారి అదే.

ఇంత మెచ్చుకున్నాక ఎక్కడ పట్టకూడదో కూడా చెప్పాలి. జనంలో పట్టకూడదు. విజయనగరంలో విజయదశమి దాటిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. పొడుగాటి చింతమాను కొసన పూజారి కూర్చుని ఉండగా మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య అది తిరుగుతుంటే దారి పొడవునా తలలే. డ్రోన్ కన్ను కోరుకునే దృశ్యం అంతకంటే లేదు, డ్రోన్ దిగడానికి అంతకంటే చెడ్డ చోటూ లేదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక ప్రాంతాన్ని 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. అలాంటి రోజుల్లో ముందు అనుమతి సంగతి చూసుకోవాలి, పట్టు సంగతి తర్వాత. అదే నిబంధనలు 250 గ్రాముల లోపు డ్రోన్‌ను నానో అని, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో అని, 25 కిలోల దాకా స్మాల్ అని విడదీశాయి. ఏ డ్రోన్ నడిపినా మనుషులకూ ఆస్తులకూ అపాయం కలిగేలా నడపకూడదన్నది అందరికీ ఒకటే. ఈ నిబంధనలు చూసే పౌర విమానయాన శాఖకు 2024 జూన్ నుంచి మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే. కాబట్టి మా జిల్లా కుర్రాళ్లు నిబంధన తెలియదంటే ఒప్పుకునేది లేదని నేను వేళాకోళమాడుతుంటాను.

మందు కొట్టే డ్రోన్‌ను ఎవరూ, ఎప్పుడూ, ఎంత నేర్పున్నా చేత్తో పట్టకూడదు. 2023 నవంబరులో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు, ఖరీదులో 80 శాతం, 8 లక్షల రూపాయల దాకా సాయం. ఆ పథకం వచ్చాక ఊళ్లలో డ్రోన్ అంటే ముందు గుర్తొచ్చేది ఈ మందు కొట్టే డ్రోనే అవుతోంది. పది లీటర్ల ట్యాంకు మోసే ఆ డ్రోన్ నిండుగా ఉన్నప్పుడు ఇద్దరు ఎత్తాల్సిన బరువు. దాని రెక్కలు మూర పొడవుకు మించి ఉంటాయి, ఎక్కువగా కార్బన్‌తో చేసినవే. పెళ్లి డ్రోన్ పట్టడం చూసిన పిల్లాడు పొలంలో దాని కిందకు చేయి చాచే వీలుంది. అందుకే పొలంలో దానికి చదును చేసిన చోటు, చుట్టూ తాడు, జనం దూరంగా ఉండటం తప్పనిసరి. నడిపే అక్కలు ఈ విషయంలో మగ వీడియోగ్రాఫర్ల కంటే కచ్చితంగా ఉండటం నేను గమనించాను.

పట్టు ముగిశాక ఇంకో చిన్న పనుంది, చూసేవాళ్లు వెళ్లిపోయాక జరిగేది. పట్టినవాడు బ్యాటరీ ఆపి, ఒక్కో రెక్క అంచు మీద వేలికొనను నెమ్మదిగా జరుపుతాడు. చిన్న గాటు తగిలినా ఆ రెక్క మార్చేస్తాడు. గాటు పడిన రెక్కతో డ్రోన్ వణుకుతుంది, వణికే డ్రోన్ చేతి మీద నిలకడగా ఆగదు. తర్వాత మోటార్లను ఒక్కొక్కటిగా వేలితో తిప్పి శబ్దం వింటాడు. ఇందాక చెప్పిన నల్ల ఇసుక గరగర వినపడితే ఆ రోజుకు ఎగరడం అయిపోయినట్టే.

ఈ నేర్పు అవసరమే లేకుండా చేస్తామని కంపెనీలు అంటున్నాయి. 2017లో వచ్చిన డీజేఐ స్పార్క్ కింద అరచేయి పెడితే అదే గుర్తించి దిగేది. 2024 సెప్టెంబరులో వచ్చిన అదే కంపెనీ నియో బరువు 135 గ్రాములే, రెక్కల చుట్టూ పంజరం ఉంది, చేతి మీద నుంచే లేచి చేతి మీదే దిగుతుంది. ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వాలంటే నేనూ అదే ఇస్తాను. కానీ ఆ నియో తట్టుకోగలదని కంపెనీ చెప్పే గాలి సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు 29 కిలోమీటర్ల లోపు. కళింగపట్నంలో వేసవి మధ్యాహ్నం కొంచెం గట్టిగా వీస్తే ఆ హద్దు దాటుతుంది. ఇక్కడ పెళ్లి పని చేసేవాళ్లు సెకనుకు 10.7 మీటర్లో, 12 మీటర్లో తట్టుకునే పంజరంలేని డ్రోన్లనే తెస్తున్నారు, వాటిని చేత్తోనే దించుతున్నారు. కొత్తగా చేరిన కుర్రాడికి వాళ్లు మొదటి నెలల్లో రిమోట్ ఇవ్వరు. రెక్కలు తీసిన పాత డ్రోన్‌ను ఎత్తి పట్టుకుని చేయి కదలకుండా నిలబడమంటారు.